ఇరవై రెండు పరదాలు

మా మామయ్య చేసిన స్పీకర్లు అద్భుతంగా ఉన్నాయని ముగ్గురు పెద్దమనుషులు తేల్చి చెప్పిన పది రోజులకి, అవి అంత అద్భుతంగా ఏమీ లేవని మామయ్యే కనిపెట్టారు. ఆ వానాకాలం గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఈ మాటే చెబుతాను. అడక్కపోయినా చెబుతాననుకోండి, అది వేరే సంగతి.

మామయ్య అంటే మా ఆయన నాన్నగారు, వడ్రంగి. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పాటల పిచ్చి ఉన్నవాళ్ళకి స్పీకరు పెట్టెలు చేసి ఇస్తున్నారు. కొలతలు వాళ్ళే కాగితం మీద గీసి తెస్తారు. లోపల బిగించే సామాను కూడా వాళ్ళదే. చెక్క కోసి, చిత్రిక పట్టి, జిగురు పెట్టి, మొహం చూసుకునేంత నున్నగా పాలిష్ చేసి ఇవ్వడం వరకే ఈయన పని. ఆ పిచ్చివాళ్ళందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పుడప్పుడూ ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో చేరి, కొత్తగా వచ్చిన సామాను విని, అభిప్రాయాలు చెప్పుకుంటారు. అభిప్రాయాలంటే మామూలువి కావు. ఒక వైరు మార్చితే పాడే మనిషి రెండడుగులు ముందుకు జరిగిందంటారు ఒకరు. రెండు కాదు, ఒకటిన్నరే అంటారు ఇంకొకరు. ఆ అరడుగు తేలేలోగా నేను పెట్టిన టీ చల్లారిపోతుంది.

సంఘానికి పెద్దలు ముగ్గురు. ఒకాయన రేడియో స్టేషన్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని ఎదురుగా సార్ అంటారు, వెనక పెద్దచెవి అంటారు. రెండో ఆయన పళ్ళ డాక్టరు. హెడ్‌ఫోన్స్ అంటే ప్రాణం, ఇంట్లో పదకొండు జతలున్నాయి. "స్పీకర్లంటే పెళ్ళిలాంటివండీ, వాటితోపాటు గది అనే అత్తగారు కూడా వస్తుంది. హెడ్‌ఫోన్స్ అయితే మీరూ పాటా, అంతే" అని నా ముందే అనేవారు, నేనొక ఇంటి కోడలినన్న సంగతి మర్చిపోయి. మూడో ఆయన లెక్కల మాస్టారు. చిన్న మైకూ లాప్‌టాపూ చంకలో పెట్టుకుని తిరుగుతారు కాబట్టి ఆయనకి మీటరు అని పేరు. మా ఆయన కూడా ఆ సంఘంలో ఉన్నారు గానీ, వైర్లు బిగించడం, కుర్చీలు వేయడం వరకే ఆయన హోదా.

ఏటా వానలు తగ్గాక సంఘం వాళ్ళు ఒక హాలు తీసుకుని రోజంతా వింటారు. ముగ్గురు పెద్దలూ ఒప్పుకున్న వస్తువుకి వాళ్ళ లావుపాటి ఫైలులో ఒక పేజీ రాస్తారు. పేజీ పైన 'తయారీ' అని ఒక గడి ఉంటుంది. మామయ్య చేతిమీదుగా వెళ్ళిన పెట్టెలు ఆ ఫైలులో పాతిక దాకా ఉన్నాయి. గడిలో మాత్రం కొలతలు గీసినవాళ్ళ పేర్లే. మామయ్య ప్రస్తావన అట్టడుగు వరసలో, 'పెట్టె పనితనం బాగుంది' అని. ఆ ఏడాది మామయ్య కొలతలు తనే గీసుకుని, సామాను తనే ఎంచుకుని ఒక జత చేశారు. ఆయనకి కావలసింది ఒక్క పేజీ. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. కానీ ఆ జతకి పాలిష్ చేస్తున్నప్పుడు ఆయన మొహం చూసినవాళ్ళెవరికైనా ఆ సంగతి తెలిసిపోయేది.

నేను దర్జీని. వెనక గదిలో నా కుట్టుమిషన్ ఉంటుంది. వాళ్ళు మా ఇంటికి వచ్చి పాట పెట్టినప్పుడల్లా మిషన్ ఆపమనేవారు. అందుకే వాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట.

*

వానలు ఇంకా మొదలు కాలేదు. మామయ్య జతని వినడానికి ముగ్గురూ ఒక ఆదివారం పొద్దున వచ్చారు. మా ముందుగది పొడుగ్గా ఉంటుంది. కింద నున్నటి పలకలు, ఒక వైపంతా అద్దాల కిటికీ. నాలుగు కుర్చీలూ స్పీకర్లూ తప్ప అందులో ఇంకేమీ లేవు. మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని తలుపు పక్కన నిలబడ్డారు. తన ఇంట్లో తనే నిలబడ్డారు, కూర్చోమని ఎవరూ అనలేదు.

ఒక ఆడమనిషి గొంతు, వెనక ఒకే ఒక్క తీగల వాద్యం. ప్రతిసారీ వాళ్ళు ఆ పాటే పెడతారు. పెద్దచెవి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"కింద బలం బాగుంది మేస్త్రీ. గొంతు దగ్గరికి వచ్చేసరికి గీసుకుంటోంది. గాజు మీద మేకుతో గీసినట్టు ఉంది."

పళ్ళ డాక్టరు చెవి రుద్దుకున్నారు. "నేను డ్రిల్లు పెడితే జనం ఎందుకు లేచిపోతారో ఇవాళ తెలిసింది."

మీటరు లాప్‌టాప్ తిప్పి చూపించారు. తెర మీద ఒక గీత, ఆ గీతలో ఒకచోట గుట్టలా లేచి ఉంది. "ఇదిగో, ఇక్కడే. పెట్టె గోడ అదురుతోందండీ. పలచనైపోయినట్టుంది."

ఆ మాటకి మామయ్య చెంప ఛెళ్ళుమన్నట్టయింది. పలచన చెక్క వాడారని ముప్పై ఏళ్ళలో ఆయన్ని ఎవరూ అనలేదు. అయినా నెమ్మదిగానే అన్నారు. "అదురుతుంటే లోపల అడ్డకర్ర వేస్తాను. మళ్ళీ ఒకసారి వినండి."

వాళ్ళు సరేనని టీ తాగి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కప్పులు కడుగుతూ మా ఆయనతో అన్నాను.

"నిన్న పాట పెట్టి మీ నాన్నగారు పెట్టె మీద చెయ్యేసి చూపించినా అదరలేదు. ఆ మీటరు గీతకి మాత్రం అదిరిందా?"

"నీకు తెలీదులే. మాస్టారు ఊరికే అనరు."

"తెలీదు కాబట్టే అడుగుతున్నా."

మామయ్య అప్పటికే పెరటి షెడ్డులో పెట్టె వెనక పలక విప్పుతున్నారు.

*

వానలు వచ్చాయి. వస్తూనే ఏకధాటిగా పట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే నాకు ఆసుపత్రి పని తగిలింది. వార్డులో మంచానికీ మంచానికీ మధ్య కట్టే పరదాలు, ఇరవై రెండు. దళసరి పచ్చ గుడ్డ. అలాంటి గుడ్డని కోసేముందు ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే జానెడు కుంచించుకుపోయి, పరదా కింద నుంచి రోగి చెప్పులతోపాటు మోకాళ్ళు కూడా కనిపిస్తాయి. నానబెట్టడం వరకు నా చేతిలో పని. ఆరడం ఆకాశం చేతిలో ఉంది. ఆకాశం ససేమిరా అంది.

చేసేదేమీ లేక ముందుగదిలో గోడకీ గోడకీ తాళ్ళు కట్టి గుడ్డలన్నీ వేలాడదీశాను. గోడల పొడుగునా, అద్దాల కిటికీకి అడ్డంగా, స్పీకర్ల వెనక, కుర్చీల వెనక. ఒకటి ఆరినట్టుంటే ఇంకొకటి ఇంకా తడిగానే ఉండేది. వారం రోజులు మా ఇల్లు పచ్చగా, తడి వాసనతో ఉంది. మా ఆయన ముందుగదిలోకి వెళ్ళాలంటే ఈత కొట్టినట్టు చేతులతో తోసుకుంటూ వెళ్ళేవారు.

ఆ ఆదివారం పొద్దున వాన కాస్త తెరిపి ఇచ్చింది. ముగ్గురూ గొడుగులు దులుపుకుంటూ లోపలికి వచ్చారు.

"ఇదేమిటమ్మా, నాటకం ఏమైనా వేస్తున్నారా?" అన్నారు డాక్టరు.

"మీరొస్తున్నారని తెర కట్టించానండీ" అన్నాను.

గుడ్డలు తియ్యమని ఎవరూ అనలేదు. తడిగుడ్డలు తీసి ఎక్కడ పెడతాం? మామయ్య లోపల రెండు అడ్డకర్రలు వేసి, జిగురు పెట్టి, మళ్ళీ బిగించిన పెట్టెల్ని మా ఆయన వైర్లకి కలిపారు. పాట మొదలైంది.

సగం అయ్యేసరికి పెద్దచెవి కళ్ళు తెరిచారు. పాట నడుస్తుండగా ఆయన కళ్ళు తెరవడం నేను అంతకుముందు చూడలేదు.

"మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టారు. మూడోసారి కూడా పెట్టారు. మీటరు మైకు నిలబెట్టి, గీత చూసి, తెరని మా అందరి వైపూ తిప్పారు. గుట్ట సగానికి పైగా దిగిపోయింది. "చెప్పానా అడ్డకర్ర అని" అన్నారు, కర్ర తనే కోసి వేసినంత సంబరంగా. డాక్టరు అయితే లేచి పెట్టెని నిమిరారు. "గొంతులో తడి వినపడుతోంది మేస్త్రీ. నా హెడ్‌ఫోన్స్‌లో కూడా ఇంత తడి లేదు."

తడి ఎక్కడిదో అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

"ఈసారి హాలుకి మీ జత తీసుకురండి. మీ పేరుమీదే" అన్నారు పెద్దచెవి. తర్వాత పక్క కుర్చీలోంచి తన గొడుగు తీసి కింద పెట్టి, "కూర్చోండి" అన్నారు. మామయ్య కూర్చున్నారు. తెరల మధ్య నుంచి ఆయన్ని చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వారం డాక్టరు ఇంటర్నెట్లో ఆ అడ్డకర్ర మీద పెద్ద వ్యాసం రాశారు. ఎక్కడెక్కడి వాళ్ళో చదివి కొలతలు అడిగారు. మా ఆయన దాన్ని ఫోన్లో పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించారు.

*

తర్వాత వానలు నాలుగు రోజులు విరామం ఇచ్చాయి. నేను ఆరిన గుడ్డలు దించి, కోసి, అంచులు మడిచి, కొక్కేల పట్టీ కుట్టి, మడతపెట్టి లోపల మంచం మీద పేర్చేశాను. సోమవారం ఆసుపత్రికి పంపాలి.

మధ్యాహ్నం పూట మిషన్ తొక్కుతుంటే ముందుగదిలో ఆ పాట వినపడింది. ఆగిపోయింది. మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగిపోయింది. రెండు రోజులు ఇదే వరస. మామయ్య మరలు బిగిస్తారు, వైర్లు మార్చి చూస్తారు, పెట్టెకి చెవి ఆనిస్తారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. మూడో రోజు నా గది గుమ్మంలో వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ ఆదివారం ముందుగదిలో ఏమేం ఉన్నాయో చెప్పు."

"ఏం పోయింది మామయ్యా?"

"పోయిందో లేదో తర్వాత చెబుతా. ముందు నువ్వు చెప్పు."

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. "ఆ ముగ్గురు. మీరు. మీ అబ్బాయి. టీ కప్పులు. మూడు గొడుగులు. నా గుడ్డలు."

ఆయన మంచం మీది మడతల వైపు చూశారు. "ఆ గుడ్డల్లో నాలుగు ఇటు ఇస్తావా?" అన్నారు.

నాలుగూ స్పీకర్ల వెనక కట్టాం. తర్వాత కిటికీకి అడ్డంగా ఆరు. తర్వాత పక్క గోడకి మిగిలినవి. కట్టినప్పుడల్లా ఆయన పాట పెట్టారు. నాకు సంగీతం తెలియదు. గుడ్డ తెలుసు. గరుకు గుడ్డని నాలుగుసార్లు ఉతికితే చేతికి ఎలా తగులుతుందో, ఆ గొంతు అలా మెత్తబడుతూ వచ్చింది. నా చెవులతో నేనే విన్నాను, ఎవరూ చెప్పలేదు.

"అయితే అడ్డకర్ర కాదన్నమాట" అని నవ్వాను. మామయ్య మొహం చూసి నవ్వు ఆపేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చాక సంగతి చెప్పాం. ఆయన గబగబా తలుపు వేశారు, వీధిలో ఎవరైనా వింటారేమోనని.

"ఎవరికీ చెప్పకు నాన్నా. హాల్లో కూడా నాలుగు పరదాలు కట్టిద్దాం. అందం కోసం అందాం. ఎవరు అడుగుతారు?"

నేనూ అదే అన్నాను. ఇక్కడ నిజం దాచి గొప్పలు పోను. మామయ్య ఆ కుర్చీలో కూర్చోవడం నేను చూశాను, మళ్ళీ తలుపు పక్కన నిలబడటం చూడలేననిపించింది.

మామయ్య చేతులకంటిన జిగురు గీక్కుంటూ చెప్పారు. "ముప్పై ఏళ్ళు నా పని వేరేవాళ్ళ పేజీల్లో ఉంది. ఇప్పుడు నా పేజీలో నీ పెళ్ళాం పని దాచిపెట్టుకుంటే, నాకూ వాళ్ళకీ తేడా ఏముందిరా?"

ఆయన ఫోన్ తీసి ముగ్గురికీ వరసగా చేశారు.

చిత్రం ఏమిటంటే, ముగ్గురూ నమ్మలేదు. డాక్టరు అయితే ఒంటికాలి మీద లేచారు. "మీది మరీ వినయం మేస్త్రీ. గుడ్డకి అంత సీను లేదు. నేను వ్యాసం రాశాను, జనం కర్రలు కోసుకుంటున్నారు అక్కడ." మీటరు, "నా దగ్గర గ్రాఫు ఉందండీ, గ్రాఫు అబద్ధం చెప్పదు" అన్నారు. పెద్దచెవి మాత్రం వాదించలేదు.

"పరదాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయా?"

"సోమవారం వెళ్ళిపోతాయి సార్."

"అయితే ఆదివారం వస్తాం."

*

ఆదివారానికి పరదాలన్నీ మళ్ళీ తాళ్ళ మీదికి ఎక్కాయి. మూడు కుర్చీలు వేశాం. పరదాల్లో మిగిలిన పచ్చ పీలికలు తెచ్చి, ముగ్గురి కళ్ళకీ నేనే గంతలు కట్టాను. ఇన్నేళ్ళు నా మిషన్ ఆపించినవాళ్ళకి గంతలు కట్టడం నాకు బాగానే ఉందని ఒప్పుకుంటాను.

"పాట ఆపకుండా తిరుగుతూ ఉంటుంది. మా కోడలు నడుస్తుంది. మారినట్టు అనిపిస్తే చెయ్యి ఎత్తండి. దించాలనిపిస్తే దించండి" అన్నారు మామయ్య.

చెప్పులు విప్పి అడుగు చప్పుడు కాకుండా వెళ్ళి మొదటి పరదా తీశాను. ఎవరూ కదల్లేదు. రెండోదీ తీశాను. మూడోది తీసి చేతి మీద వేసుకున్నానో లేదో, పెద్దచెవి చూపుడువేలు మోకాలి మీంచి లేచింది. నాలుగోదానికి ఇంకాస్త లేచింది. ఆరోదానికి డాక్టరు చెయ్యి లేచింది. తొమ్మిదోదానికి మీటరు, మొహం మాడ్చుకుని, సగం చెయ్యి ఎత్తారు.

అప్పుడు నాకు కొంటె ఆలోచన వచ్చింది. తాడు దగ్గరికి వెళ్ళి, పరదాని కదిపీ కదపనట్టు కదిపి, తీయకుండా వదిలేశాను. పెద్దచెవి వేలు ఉన్నచోటే ఉంది. తీసిన పరదాల్లో రెండు మళ్ళీ కట్టాను. ఆ వేలు మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ తీశాను, మళ్ళీ లేచింది. నా చేతిలోని గుడ్డకీ ఆయన వేలికీ మధ్య దారం ఉన్నట్టే ఉంది.

ఇన్నాళ్ళూ వీళ్ళు వినేదంతా ఉత్త భ్రమ అనుకున్నాను. ఒకటిన్నర అడుగని, రెండడుగులని కొట్టుకుంటుంటే వెనక గదిలో నవ్వుకున్నాను. కాదు, వాళ్ళకి నిజంగానే వినపడుతోంది. వినపడినదానికి కారణం చెప్పబోయి తప్పు దారి పట్టారు, అంతే. ఆ ముసలాయన మీద ఆ క్షణంలో నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఇరవై రెండో పరదా కూడా తీసేసరికి గొంతు మొదటి రోజులాగే గాజు మీద గీసుకుంటోంది. మామయ్య పాట ఆపి, తనే ముగ్గురి గంతలూ విప్పారు. వాళ్ళు ఖాళీ గదినీ, నా చేతుల నిండా ఉన్న పరదాలనీ చూశారు.

డాక్టరు ముందుగా మాట్లాడారు. "గది అత్తగారని ఊరంతా చెప్పుకు తిరిగింది నేనే కదమ్మా."

"మీరే" అన్నాను.

మీటరు లాప్‌టాప్ మూసేశారు. పెద్దచెవి లేచి నిలబడ్డారు. "మాకు వినపడింది నిజమే మేస్త్రీ. ఎందుకన్న దగ్గర పప్పులో కాలేశాం. ఇంక హాలు సంగతి చెప్పండి. పరదాలు కట్టమంటారా?"

"వద్దు సార్. ఉత్త హాల్లోనే వినండి."

"పేజీ రాకపోవచ్చు."

"తెలుసు. ఏది వినపడితే అదే చెప్పండి."

మామయ్య తలెత్తి చెప్పారు. పక్కన మా ఆయన కూడా ఆ పూట తలెత్తుకునే నిలబడ్డారు. మర్నాడు ఆయనే ఆసుపత్రికి పరదాలు మోసుకెళ్ళి ఇచ్చి వచ్చారు, ఎన్నడూ లేనిది.

*

హాలు రోజుకి ఇంకా మూడు వారాలుంది. మళ్ళీ వాన పట్టింది. మామయ్య ఎవరి సలహా అడగలేదు. పెట్టె ముందుపలక అంచులు గుండ్రంగా చెక్కారు. పైనున్న చిన్న స్పీకరుని కాస్త లోపలికి జరిపారు. జరిపినప్పుడల్లా నన్ను పిలిచి వినిపించారు. నేను మిషన్ మీంచి లేచి వెళ్ళి, విని, "ఇంకా కరుకే మామయ్యా" అనేదాన్ని. ఆయన మళ్ళీ పెట్టె విప్పేవారు. రోజుకి నాలుగుసార్లు నా కుట్టు ఆగింది. ఒక్కసారి కూడా నాకు ఒళ్ళు మండలేదు.

ఒక రోజు ఆ చిన్న స్పీకరు చుట్టూ పలక మీద వేలితో రాసి చూశాను. మరీ నున్నగా ఉంది. "చప్పుడు దీని మీద జారి చెదురుతోందేమో, కోటు మెడకి లోపల వేసే ఉన్నిగుడ్డ పెట్టి చూద్దామా?" అన్నాను. ఆయన తన అద్దంలాంటి పాలిష్‌ని ఒకసారి చూసుకున్నారు. "పెట్టు" అన్నారు. కాగితం మీద గుండ్రం గీసుకుని, ఆరుసార్లు కత్తిరించి చూశాను. ఆరోది కుదిరింది. గరుకు పోలేదు గానీ, సగం దారి దిగింది. ఆ ముక్కని ఆయన తన చేత్తో అంటించలేదు. జిగురు డబ్బా నా చేతికి ఇచ్చారు.

హాలులో ఆ రోజు పాతికమంది ఉన్నారు. నేల మీద పలకలు, చుట్టూ ఉత్త గోడలు, పైన రేకు. లక్షణంగా అన్ని విధాలా చెడ్డ గది. తలా ఒక వస్తువు తెచ్చారు. బీరువాలంత డబ్బాల్లో వచ్చిన విదేశీ సామాను కూడా ఉంది. మామయ్య జత వంతు భోజనాల తర్వాత వచ్చింది. పాట నడుస్తున్నంతసేపూ నేను పాట వినలేదు, పెద్దచెవి కళ్ళు చూస్తూ కూర్చున్నాను. అవి మూసే ఉన్నాయి. ఆ రోజు మా ఇంట్లోలా తెరుచుకోలేదు.

ముగ్గురూ ఒక మూలకి వెళ్ళి తలలు కలిపారు. మా ఆయన గోళ్ళు కొరుక్కుంటున్నారు. మామయ్య మాత్రం బల్ల అంచు నిమురుతూ, దాని కీలు సరిగ్గా కుదిరిందో లేదో చూస్తున్నారు. చివరికి పెద్దచెవి వచ్చి, ఫైలు తెరిచి, కొత్త పేజీ తీశారు. నిలబడే రాశారు, రాసింది నిలబడే చదివారు.

"అడ్డకర్ర గురించి మేం చెప్పింది పొరపాటు. గది చేసిన మేలుని కర్రకి కట్టబెట్టాం. ఈ జతని ఉత్త హాల్లో విన్నాం. కింది స్థాయిలో బలం, నిబ్బరం ఉన్నాయి. గొంతు మనిషి గొంతులాగే ఉంది. లోపాలు మూడు. పైస్థాయిలో కొంత కరుకు మిగిలి ఉంది. పక్కకి జరిగి కూర్చుంటే గొంతు పలచబడుతోంది. శబ్దం తగ్గిస్తే బేస్ ముందుగా చచ్చిపోతోంది. ఈ మూడూ సరిచేయదగ్గవి."

చప్పట్లు కొట్టారు. మా ఆయన మామయ్య దగ్గరికి వంగి, "మూడు తప్పులు రాశారని మనసులో పెట్టుకోకు నాన్నా" అన్నారు.

"మనసులో పెట్టుకోకుండా ఎక్కడ పెట్టుకుంటానురా?" మామయ్య మొహం వెలిగిపోతోంది. "ఇన్నేళ్ళు నా పాలిష్‌ని మెచ్చుకుని రాశారు, నా పెట్టె కీళ్ళని మెచ్చుకుని రాశారు. నా శబ్దానికి వంక పెట్టి ఫైలులో రాయడం ఇదే మొదటిసారి. సార్, ఆ మూడూ ఇంకోసారి చదవండి."

పెద్దచెవి మళ్ళీ చదివారు, ఈసారి మెల్లగా. తర్వాత కలం పేజీ పైకి తీసుకెళ్ళి ఆపారు.

"తయారీ దగ్గర మీ పేరు రాస్తున్నాను."

"నాదీ, మా కోడలిదీ" అన్నారు మామయ్య.

నేను కంగారుపడి లేచాను. పాతికమందీ నా వైపు తిరిగారు. "అయ్యో, నాదెందుకు మామయ్యా. రెండు ఉన్నిముక్కలు, అంతేగా."

"నేనూ అంతే, పెట్టె ఒక్కటేగా అనుకుని ముప్పై ఏళ్ళు ఊరుకున్నానమ్మా."

హాలులో ఎవరూ నవ్వలేదు. కొలతలు గీసుకుని మామయ్య చేత పెట్టెలు చేయించుకున్నవాళ్ళు అక్కడ ఆరేడుగురున్నారు. వాళ్ళు నేల చూస్తున్నారు. నాకు గర్వంగా అనిపించింది, అటు ఆయన్ని చూసి, ఇటు నన్ను చూసుకుని. పెద్దచెవి నా పేరు అడిగారు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో టీ తాగిన మనిషి అప్పుడు అడిగారు. చెప్పాను. ఆయన గడిలో రెండు పేర్లూ పక్కపక్కన రాశారు. సిరా ఆరేదాకా మామయ్య ఆ ఫైలు మూయనివ్వలేదు.